అడుగు

ఎన్నూరు కల్యాణమండపంలో ఆ రోజు పెళ్లి లేదు.
గుమ్మానికి నిన్నటి అరటిబోదెలు అలాగే వాలి ఉన్నాయి.
వేదిక మీద కలెక్టరాఫీసు వాళ్లు,
తెర మీద కొసస్తలై నది:
ఒక నీలం గీత, దాన్ని ఆనుకుని ఎర్రగళ్ల చతురస్రం,
ప్రతిపాదిత ఇసుక గని.

ఆ నీలం గీత గీసింది నేనే.

మార్చిలో ఒక మంగళవారం, మిట్టమధ్యాహ్నం,
డీజిలు పడవ డబడబలాడించుకుంటూ పోయి
మూడుసార్లు వల వేసి
రెండు ప్లాస్టిక్ సంచుల్నీ ఒక జెల్లనీ లెక్కపెట్టి
నూట పద్నాలుగో పేజీలో రాశాను:
"చెప్పుకోదగ్గ మత్స్యసంపద లేదు."
రోజుకి తొమ్మిది వందలు, భోజనం వేరే.

మైకు పెద్దమనుషుల చేతులన్నీ తిరిగి
చివరి వరసలో ఆమె దగ్గర ఆగింది.
తుపాకుల చెంగమ్మ.
తుపాకి ఇంటిపేరులోనే గాని ఇంట్లో ఎన్నడూ లేదు.
వల కూడా లేదు.
తాటాకు బుట్ట పళ్లతో కరుచుకుని
నడుములోతు నీళ్లలో కూలబడి జరుగుతూ
రెండు చేతుల్తో రొయ్యల్ని తడిమి పట్టే మనిషి.
తమిళం వచ్చు, బజారుకి సరిపడా.
కోపానికి మాత్రం తెలుగే.

"తెలుగు తెలిసినవాళ్లు ఎవరైనా?" అన్నాడు ఆఫీసరు.
లేచాను.
ఎందుకు లేచానో ఇప్పటికీ తెలీదు.

ఆమె మైకుని మొప్పల దగ్గర పట్టుకుంది.
"అయ్యా, బురదలో మడమేసి నొక్కతా పోతాను. గుంట పడతాది.
నీళ్లు తీసే ఏళకి ఆ గుంటలో
రొయ్య జేరతాది, ఇసుకదొందు జేరతాది,
ఒక్కోపాలి పండుగప్ప పిల్ల.
మా యమ్మ గుంటల్లో నేను ఏరుకున్నా,
నా గుంటల్లో నా కోడలు ఏరుకుంటాది.
మడచెట్ల కింద నీటిపిల్లి ఒకటుంది, ఈనింది,
అది కూడా నా గుంటలే ఎతుక్కుంటా వస్తాది.
దాని వాటా దానికి ఇడిచిపెడతా.
రెండు పోట్లకి అన్నీ పూడిపోతాయి.
మీ గుంట ఎన్నడుగులు?"

తమిళంలో అడిగాను.
నలభై, అన్నారు.
తెలుగులో చెప్పాను: నలభై అడుగులు.

ఆమె నవ్వింది.
"నలబై అడుగులు నేను ఒక్క పొద్దులో యేస్తా.
మా తాతల కాడినించి యేస్తానే ఉండాం,
ఏటికి అడుగు పోలా."

ఇక్కడ నా తమిళం మోకాళ్ల దాకా దిగబడింది.
కాలిదొకటి, కొలతదొకటి, నీటి కిందదొకటి.
మా భాషలో మూడూ ఒకే గుంటలో కాపురముంటాయి,
చేయి పెట్టి తడిమితే గాని ఏది ఏదో తెలీదు.
కంపెనీ మనిషి గడియారం చూసుకున్నాడు.
టీ వచ్చింది.
నేనేదో చెప్పాను.
"ఆమెకు అభ్యంతరం కలదు" అని మినిట్సులో పడింది.

మెట్ల దగ్గర నన్ను ఆపింది.
"ఆ పొద్దు పడవలో వచ్చింది నువ్వే గదా?
డప్పు కొట్టుకుంటా పోయి
ఇంట్లో ఎవురూ లేరని రాసుకొచ్చినావు.
కోడికూతకి రా. చెప్పులిడిచి రా."

వెళ్లాను.
కరెంటు ఫ్యాక్టరీ దీపాలు నీళ్ల మీద పసుపు నూనెలా తేలుతున్నాయి.
మడమ వేసి నొక్కాను.
బురద వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిన పక్కలా.
నీళ్లు తీసేదాకా గట్టున కూర్చుని
ఆమె చెప్పినట్టే చేయి దించాను.
అరచేతిలో ఏదో ఉలికిపడింది.
ఇంకొకటి, మీసాలతో.
ఇరవై మూడు దాకా లెక్కపెట్టాను,
తర్వాత ఆల్చిప్ప బొటనవేలు కోసింది,
లెక్క తప్పింది.

అభ్యంతరాలకి గడువు ఇంకా నాలుగు రోజులు.
నూట పద్నాలుగో పేజీ అబద్ధమని,
రాసిన చేతి కట్టు ఇదేనని కాగితం పట్టుకుని
కిటికీ ముందు గంటన్నరగా నిలబడ్డాను.
ఆ కంపెనీలో ఇక నాకు పని ఉండదు.
వెళ్లిపోదామా అన్నట్టు చూశాను.

పక్కనే నేల మీద బుట్ట ఒళ్లో పెట్టుకుని చెంగమ్మ.
మోచేత్తో నా పిక్క మీద పొడిచి
"అడుగు" అంది.

కిటికీ అవతల గుమాస్తా ఇంకా తలెత్తలేదు.